కోచ్ ఫ్యాక్టరీ నుంచి కోచింగ్ సెంటర్ దాకా: ఒక పల్లెటూరి బండి పేరు మాస్టారికి ఎలా అంటుకుంది

పేపర్లో కాజీపేట గురించి వార్త వచ్చిన రోజు మా మేనకోడలు పైకి చదువుతూ మధ్యలో ఆగింది. "మామయ్యా, కోచ్ ఫ్యాక్టరీ అంటే కోచింగ్ ఇచ్చేదా? అవి హైదరాబాద్‌లో ఇప్పటికే బోలెడున్నాయిగా!" పదో తరగతి అయిపోయి ఇంటర్లో చేరబోతున్న పిల్ల. దానికి కోచ్ అంటే ముందు గుర్తొచ్చేది ర్యాంకులే. అందరం నవ్వాం. కానీ కాసేపయ్యాక ఆ ప్రశ్న నన్నే తొలిచింది. రైలు పెట్టెనీ, క్రికెట్ జట్టు వెనకాల టోపీ పెట్టుకుని కూర్చునే మనిషినీ ఇంగ్లీషువాళ్లు ఒకే మాటతో ఎందుకు పిలుస్తారు? రెండు వేర్వేరు మాటలు పొరపాటున ఒకేలా వినిపిస్తున్నాయా, లేక ఒకే మాట రెండు ఉద్యోగాలు చేస్తోందా?

ఒకే మాట. మొదట్లో అది మాట కూడా కాదు, హంగరీలో ఓ ఊరి పేరు.

ముందు మన కోచ్‌ల సంగతి తేల్చుకుందాం

కాజీపేట వార్తల్లో జనాన్ని ఎక్కువగా తికమక పెట్టేవి మూడు మాటలు: కోచ్, వ్యాగన్, బోగీ.

కోచ్ అంటే మనుషులు ఎక్కే పెట్టె. వ్యాగన్ అంటే బొగ్గు, సిమెంటు, ధాన్యం లాంటి సరుకు ఎక్కే పెట్టె. ఈ తేడా తెలియకపోతే కాజీపేట గొడవ అర్థం కాదు. అక్కడ కోచ్ ఫ్యాక్టరీ కావాలన్నది 1980ల నుంచీ ఉన్న కోరిక. అప్పట్లో కాజీపేటకు వస్తుందనుకున్న ఫ్యాక్టరీ పంజాబ్‌లోని కపుర్తలాకు పోయింది. 2014 విభజన చట్టంలో తెలంగాణలో కోచ్ ఫ్యాక్టరీ పెట్టే అవకాశాన్ని పరిశీలించాలని రాశారు. 2023 జులైలో ప్రధాని శంకుస్థాపన చేసినప్పుడు దాన్ని వ్యాగన్ల తయారీ యూనిట్ అన్నారు. "అడిగింది కోచ్, ఇచ్చింది వ్యాగన్" అని విమర్శలొచ్చాయి. కోచ్‌లు కూడా తయారుచేసేలా దాన్ని మారుస్తున్నట్టు 2024లో తెలిసింది. ఒక్క మాట తేడా మీద ఇన్నేళ్ల రాజకీయం నడిచింది.

బోగీది ఇంకో తమాషా. మనం "ఏ బోగీలో ఎక్కావ్?" అంటే కోచ్ అనే అర్థం. రైల్వే ఇంజనీరుకు మాత్రం బోగీ అంటే పెట్టె కింద ఉండే చక్రాల చట్రం. ఒక్కో కోచ్ కింద అలాంటి చట్రాలు రెండుంటాయి. చట్రానికి నాలుగేసి, మొత్తం ఎనిమిది చక్రాలు. "12 బోగీలు పట్టాలు తప్పాయి" అన్న వార్తను ఆ ఇంజనీరు అక్షరాలా చదివితే ఆరు కోచ్‌లే తప్పాయనుకోవాలి. ఇంజనీరు లెక్క ఎలా ఉన్నా, తెలుగులో బోగీ అంటే పెట్టే. వాడుక గెలిచాక నిఘంటువు చేసేదేమీ లేదు. ఇంతకీ బోగీ అనేది ఉత్తర ఇంగ్లండ్ పల్లెల్లో చిన్న బండికి వాడిన మాట. సంక్రాంతి ముందు రోజు భోగితో దానికి చుట్టరికం లేదు.

ఇక రెండో రకం కోచ్: మనిషి. బ్యాడ్మింటన్ అనగానే గుర్తొచ్చే పుల్లెల గోపీచంద్ లాంటివాళ్లు. మూడోది ఆ మనిషి చేసే పని: కోచింగ్. 2024 జనవరిలో కేంద్ర విద్యాశాఖ కోచింగ్ సెంటర్లకు మార్గదర్శకాలు ఇచ్చింది. పదహారేళ్లు నిండనివాళ్లను చేర్చుకోవద్దని, ర్యాంకు గ్యారంటీ అంటూ ప్రకటనలు ఇవ్వొద్దని అందులో ఉంది. నాకు నవ్వు తెప్పించింది మాత్రం అందులోని నిర్వచనం. 50 మందికి మించి విద్యార్థులకు చదువు చెబితేనే అది కోచింగ్. ఆటలు, నాట్యం, నాటకం నేర్పడం ఆ లెక్కలోకి రాదు. అంటే ఆ కాగితం ప్రకారం గోపీచంద్ చేసేది కోచింగ్ కాదు!

కొచ్ అనే ఊరు

వియన్నా నుంచి బుడాపెస్ట్ వెళ్లే పాత దారిలో, బుడాపెస్ట్‌కు సుమారు 70 కిలోమీటర్ల ఇవతల కొచ్ అనే పల్లె ఉంది. 15వ శతాబ్దంలో మాత్యాస్ రాజు హంగరీని ఏలిన కాలంలో ఆ ఊరి వడ్రంగులు, బండ్లు కట్టేవాళ్లు ఒక కొత్త రకం బండి చేశారని అక్కడి సంప్రదాయం చెబుతుంది. అప్పటి యూరప్ బండ్లు బరువైనవి, నెమ్మదిగా కదిలేవి. కొచ్ బండి తేలికైనది. గుర్రాలు దాన్ని వేగంగా లాగగలిగేవి. రెండు రాజధానుల మధ్య ఉత్తరాలతో, మనుషులతో పరుగెత్తడానికి అలాంటిదే కావాలి.

హంగరీ భాషలో ఊరి పేరు చివర "ఇ" చేరిస్తే "ఆ ఊరికి చెందినది" అని అర్థం. కొచ్ బండి "కొచి" అయింది. మనకు ఇది కొత్తేమీ కాదు. హైదరాబాద్‌కు "ఈ" చేరిస్తే హైదరాబాదీ. ఇంకొన్నాళ్లకు అసలు సరుకు పేరు రాలిపోయి ఊరి పేరే సరుకు పేరవుతుంది. "పెళ్లికి గద్వాల్ కట్టుకున్నా, రిసెప్షన్‌కు పోచంపల్లి" అని ఒకావిడ అంటే ఊళ్లను ఒంటికి చుట్టుకుందని ఎవరూ అనుకోరు. "కొచ్ ఊరి బండి" కాస్తా ఒట్టి "కొచి" కావడమూ ఇలాంటిదే. (కేరళలోని కొచ్చికి దీనితో సంబంధం లేదు. వినగానే నాకూ అనుమానం వచ్చింది.)

ఆ పేరు ఆ ఊరిదేనని ఎలా చెప్పగలం? 16వ శతాబ్దంలో హంగరీ మీదుగా ప్రయాణించిన హెర్బర్‌స్టైన్ అనే ఆస్ట్రియా దౌత్యవేత్త దారిలో గుర్రాలు ఆగే మజిలీలను వరసగా రాసుకున్నాడు. ఫలానా మజిలీ కొచ్ గ్రామమనీ, ఆ బండ్లకూ వాటిని తోలేవాళ్లకూ ఆ ఊరి పేరే వచ్చిందనీ అందులో ఉంది. కళ్లారా చూసినవాడి సాక్ష్యం కాబట్టి దానికి బరువెక్కువ.

ఒప్పుకోనివాళ్ల మాట

మాటల పుట్టుక దగ్గర ఎప్పుడూ ఇద్దరు ముగ్గురు హక్కుదారులుంటారు. ఫ్రెంచిలో పడుకోవడానికి వాడే మాట నుంచి ఇంగ్లీషు "కౌచ్", అంటే సోఫా లాంటి ఆసనం, వచ్చింది. కూర్చునో, ఒరిగో ప్రయాణించే బండి కాబట్టి కోచ్ కూడా అక్కడి నుంచే వచ్చి ఉండొచ్చని పాతకాలపు పండితులు కొందరు ఊహించారు. వినడానికి బాగానే ఉంటుంది. చిక్కెక్కడంటే, జర్మన్, ఫ్రెంచ్, స్పానిష్, ఇటాలియన్ భాషలన్నింట్లో ఈ మాట దాదాపు ఒకే కాలంలో, ఒకే రకం బండికి పేరుగా కనిపిస్తుంది. పాత ప్రస్తావనలు దాన్ని పదేపదే హంగరీకే ముడిపెడతాయి. 1755లో జాన్సన్ తన ఇంగ్లీషు నిఘంటువులో కూడా, ఈ బండిని కనిపెట్టింది హంగరీవాళ్లని చెబుతారనే రాశాడు. ఇప్పటి నిఘంటువులు ఎక్కువగా కొచ్ వైపే ఉన్నాయి.

ఇంకో తగాదా బండి నిర్మాణం మీద. కుదుపులు తగలకుండా పెట్టెను పట్టీలతో వేలాడదీసే పద్ధతి కొచ్‌లోనే పుట్టిందని కొందరు గర్వంగా చెబుతారు. అది తర్వాత వచ్చిన సొగసు అనీ, కొచ్ వాళ్ల ఘనత తేలికదనం, వేగమేననీ మరికొందరి వాదన. పేరు విషయంలో ఉన్నంత గట్టి ఆధారం కుదుపుల విషయంలో లేదు కాబట్టి నేను రెండో పక్షానికే మొగ్గుతాను.

లండన్‌లో పడవవాళ్ల కడుపు మంట

మాట, బండి కలిసే పాకాయి. జర్మన్‌లో కుచ, ఫ్రెంచిలో కోష్, స్పానిష్‌లో కోచె. 1550ల ప్రాంతంలో ఇంగ్లండ్ చేరాయి. మొదట్లో అది రాణులకు, ప్రభువులకు దక్కే హంగు. కొన్ని దశాబ్దాల్లో డబ్బున్న ప్రతివాడికీ కావాల్సి వచ్చింది.

అప్పటిదాకా లండన్‌లో ఒక చోటు నుంచి ఇంకో చోటికి పోవాలంటే థేమ్స్ నదిలో పడవే దిక్కు. కోచ్‌లు పెరిగేసరికి పడవవాళ్ల పొట్ట మీద దెబ్బ పడింది. జాన్ టేలర్ అని, పడవ నడుపుతూ పద్యాలు రాసిన మనిషి, 1623లో కోచ్‌ల మీద తిట్లు లంకించుకుంటూ ఏకంగా ఒక చిన్న పుస్తకమే అచ్చేశాడు. యాప్‌లో క్యాబ్‌లు వచ్చినప్పుడు ఆటో స్టాండ్ల దగ్గర మనం విన్న మాటలే. ఈ పడవను కాస్త గుర్తుపెట్టుకోండి, చివర్లో మళ్లీ పనిపడుతుంది.

తర్వాత స్టేజ్‌కోచ్‌లు వచ్చాయి. స్టేజ్ అంటే గుర్రాలు మార్చే ఒక మజిలీ నుంచి ఇంకో మజిలీకి ఉన్న దూరం. 1784 ఆగస్టు 2న బ్రిస్టల్ నుంచి మొదటి మెయిల్ కోచ్ సాయంత్రం బయల్దేరి, సుమారు 16 గంటల్లో మర్నాడు పొద్దునకు లండన్ చేరింది. ఆ రోజుల్లో అది సూపర్‌ఫాస్ట్.

స్టేజ్ అనే మాట మన దగ్గర ఎక్కడ మిగిలిందో తెలుసా? "నేను స్టేజీ కాడ దిగుతా, బండేసుకుని రా" అని తెలంగాణ పల్లెల్లో ఇప్పటికీ అంటారు. అక్కడ నాటకాల స్టేజీ ఏమీ ఉండదు, ఓ వేపచెట్టు, ఓ టీకొట్టు ఉంటాయి. మన మోటారు వాహనాల చట్టం కూడా మధ్యలో ఆగుతూ, దూరాన్ని బట్టి టికెట్ తీసుకునే బస్సును "స్టేజ్ క్యారేజ్" అనే పిలుస్తుంది. గుర్రాలు ఎప్పుడో పోయినా వాటిని మార్చే మజిలీ పేరు మన బస్టాపు మీద నిలబడే ఉంది.

గుర్రాలను విప్పేసి ఇంజను కట్టారు

1830లో లివర్‌పూల్, మాంచెస్టర్ మధ్య రైలు మొదలైనప్పుడు ప్రయాణికుల పెట్టె ఎలా ఉండాలో చూసి నేర్చుకోవడానికి ముందున్నది కోచే. కాబట్టి కోచ్‌లు కట్టేవాళ్ల పద్ధతిలోనే చేశారు. మూడు గుర్రపు కోచ్ పెట్టెలను పక్కపక్కన ఒకే చట్రం మీద బిగించినట్టు ఉండేది మొదటి తరగతి. దేని తలుపు దానికే, ఎదురెదురు సీట్లు. మనం "కంపార్ట్‌మెంట్" అనే ఏర్పాటుకు మూలం అదే. ఈసారి రైల్లో ఎదురెదురుగా కూర్చున్నవాళ్ల మోకాళ్లు తగులుతుంటే ఆ గుర్రపు బండిని తలుచుకోవచ్చు.

పెట్టెతో పాటు మాటలూ వచ్చాయి. కోచ్ ఆఫీసులో ప్రయాణికుడి పేరు ఒక పుస్తకంలో రాసుకునేవాళ్లు, అందుకే టికెట్ తీసుకోవడం "బుకింగ్" అయింది. ఇప్పుడు పుస్తకం లేదు, ఫోన్లో తత్కాల్ కోసం పదింటికి వేలు పెట్టుకుని కూర్చుంటాం, అయినా బుకింగే. మెయిల్ కోచ్ వెనక తుపాకీతో దొంగల నుంచి ఉత్తరాలను కాపాడే మనిషి "గార్డు". రైలు చివరి పెట్టెలో పచ్చజెండా ఊపే ఆయనకు అదే పేరు దక్కింది. 2022లో భారతీయ రైల్వే ఆ హోదా పేరును ట్రైన్ మేనేజర్‌గా మార్చింది. మా స్టేషన్లో టీ అమ్మే ఆయన మాత్రం ఇంకా "గార్డు సారు" అనే అంటాడు.

ఇక్కడ చిన్న పక్కదారి. కోచ్ ఒక ఊరి పేరైతే, దాని పక్కన సరుకు మోసే వ్యాగన్ మనకు చుట్టమే. వ్యాగన్ అన్న మాటకూ, సంస్కృతంలో "మోయు, తీసుకుపోవు" అనే అర్థమున్న "వహ్" ధాతువుకూ మూలం ఒకటే. ఆ ధాతువు నుంచే మన "వాహనం" వచ్చింది. వినాయకుడి ఎలుకా, బొగ్గు వ్యాగనూ దూరపు దాయాదులన్నమాట. కాజీపేటలో ముందు వచ్చింది మన బంధువే!

మాస్టారు బండి ఎప్పుడయ్యాడు?

అసలు మలుపు ఇక్కడుంది. 1830లు, 40ల్లో ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జి విద్యార్థులు ప్రైవేటు ట్యూటర్‌ను ఎగతాళిగా "కోచ్" అనడం మొదలుపెట్టారు. నువ్వు ఊరికే కూర్చుంటే చాలు, ఆయనే నిన్ను మోసుకెళ్లి పరీక్ష అవతల దింపుతాడని. కాలేజీ కుర్రాళ్ల వెటకారం ఇలాగే ఉంటుంది, ఏ దేశమైనా.

దీని మీద ఇంకో కథ కూడా తిరుగుతుంది. ధనవంతుల పిల్లలకు కోచ్‌లో ప్రయాణిస్తుండగా ట్యూటర్లు పాఠాలు చెప్పేవారనీ, అందుకే ఆ పేరొచ్చిందనీ. చెప్పుకోవడానికి అందంగా ఉన్నా, ఆ మాట అలా పుట్టిందని చూపే ఆధారం లేదు. కొరుకుడు పడని మాటకు తర్వాత ఎవరో అతికించిన కథలా ఉంటుంది. పరీక్షల కుర్రాళ్ల వెటకారమన్న వివరణే ఎక్కువమంది నిఘంటుకర్తలు ఒప్పుకున్నది.

ఆ వెటకారం వెనకున్న పరిశ్రమ మాత్రం చాలా సీరియస్. కేంబ్రిడ్జి గణిత పరీక్షను ట్రైపోస్ అంటారు. 1854లో ఆ పరీక్ష ఎనిమిది రోజులు, 16 పేపర్లు, మొత్తం 44 గంటలకు పైగా సాగింది. మొదటి తరగతిలో వచ్చినవాళ్లు రాంగ్లర్లు, వాళ్లందరిలో మొదటివాడు సీనియర్ రాంగ్లర్. పేర్లన్నీ ర్యాంకుల వరసలో ప్రకటించేవాళ్లు. ఆనర్స్‌లో అట్టడుగున నిలిచినవాడికి తోటివాళ్లు పెద్ద చెక్క గరిటె ఇచ్చేవాళ్లు, అందరిముందూ.

యూనివర్సిటీ పాఠాలు ఈ పరీక్షకు చాలవు. కాబట్టి డబ్బు కట్టి కోచ్ దగ్గర చేరాలి. విలియం హాప్‌కిన్స్ అనే కోచ్‌కు "సీనియర్ రాంగ్లర్లను తయారుచేసేవాడు" అని పేరు. 1854లో మొదటి ర్యాంకు ఎడ్వర్డ్ రౌత్‌ది. రెండో ర్యాంకు ఎవరిదో తెలుసా? తర్వాత విద్యుదయస్కాంత సమీకరణాలతో భౌతికశాస్త్రాన్నే మార్చేసిన జేమ్స్ క్లర్క్ మాక్స్‌వెల్‌ది. ఇద్దరూ హాప్‌కిన్స్ శిష్యులే.

మొదటి ర్యాంకు రౌత్ తర్వాత ఏం చేశాడు? తనే కోచ్ అయ్యాడు. మూడు దశాబ్దాల్లో రెండు డజన్లకు పైగా సీనియర్ రాంగ్లర్లను తయారుచేశాడు. విద్యార్థులను చిన్న జట్లుగా చేసి, వారం వారం లెక్కల పేపరు పెట్టి, మార్కుల పట్టిక అందరికీ కనబడేలా ఉంచేవాడు. వీకెండ్ టెస్టు, నోటీసుబోర్డు మీద ర్యాంకులు, పాత టాపరే కొత్త లెక్చరరు. ఇదంతా చదువుతున్నప్పుడు గుర్రపు బండ్ల కాలం కేంబ్రిడ్జిలో ఉన్నానా, అమీర్‌పేట మెట్లెక్కుతున్నానా అనిపించింది.

ఆ కోచింగ్ మంచిదా చెడ్డదా అన్న గొడవ అప్పుడే మొదలైంది. సమర్థించేవాళ్లు చెప్పేది: కాలేజీ చెప్పని చదువు కోచ్ చెప్పాడు, క్రమశిక్షణ నేర్పాడు, మాక్స్‌వెల్, కెల్విన్ లాంటివాళ్లు ఆ చేతుల్లోంచే వచ్చారు. వ్యతిరేకించేవాళ్లు చెప్పేది: అది గణితం కాదు, లెక్కలను గబగబా విదిల్చే కసరత్తు, కొత్తగా ఆలోచించే శక్తిని అది చంపేస్తుంది. ఈ రెండో పక్షంలో గట్టిగా నిలబడ్డవాళ్లలో కేంబ్రిడ్జి గణితవేత్త జి.హెచ్. హార్డీ ఒకడు. పరీక్షలు తప్పిన మద్రాసు గుమస్తా రామానుజన్ ఉత్తరం చదివి, 1914లో ఆయన్ను కేంబ్రిడ్జికి రప్పించినవాడు అతనే. ర్యాంకుల బండి ఎక్కని రామానుజన్‌ను ర్యాంకులంటే గిట్టని హార్డీ గుర్తుపట్టడం నాకు కాకతాళీయంగా అనిపించదు.

చివరి ర్యాంకుల జాబితా 1909లో వచ్చింది. ఆ తర్వాత వరసక్రమం ప్రకటించడం మానేశారు. ఎవరు మొదటో, ఎవరు పదకొండోవాడో బయటికి తెలియకపోయేసరికి ప్రైవేటు కోచ్‌ల వ్యాపారం చల్లబడింది. ఎవరూ వాళ్లను నిషేధించలేదు, ర్యాంకు బోర్డు తీసేశారంతే. ఇక్కడ ర్యాంకు ప్రకటనల మీద వాదించేవాళ్లు ఈ ముక్కను ఇరువైపులా వాడుకోవచ్చు. ర్యాంకులు తీసేస్తే ఒత్తిడి తగ్గుతుందని ఒకరంటే, కేంబ్రిడ్జిలో ఏటా రాసేది కొద్దిమంది, ఇక్కడ సీట్లు కొన్ని, రాసేవాళ్లు లక్షల్లో, ఏదో ఒక వరస లేకుండా సీటు ఎలా ఇస్తారని ఇంకొకరు అడగొచ్చు. రెండూ కొట్టిపారేసే వాదనలు కావు.

ఆటల్లోకి ఈ మాట 1860ల్లో పడవ పందేల ద్వారా వచ్చింది. తెడ్డు వేసేవాళ్లను దిద్దడానికి గట్టు మీద గుర్రమెక్కి, అరుస్తూ వెంట పరుగెత్తే మనిషి కోచ్. అక్కడి నుంచి అన్ని ఆటలకూ. మన దేశంలో 1985 నుంచి కోచ్‌లకు ఇచ్చే పురస్కారానికి ద్రోణాచార్య అని పేరు పెట్టారు. ఏకలవ్యుడి సంగతి తెలిసినవాళ్లకు ఆ పేరు కాస్త ఇబ్బందిగానే ఉంటుంది, అది వేరే వ్యాసం.

ఒకే వాక్యం, నాలుగు ఊళ్లు

"కోచ్‌లో వచ్చాను" అనే వాక్యాన్ని తీసుకుని ఊరూరా తిప్పి చూద్దాం.

వరంగల్‌లో అంటే రైల్లో వచ్చినట్టు, తర్వాతి ప్రశ్న "ఎస్ ఫోరా, బి టూనా?" లండన్‌లో చదువుకుంటున్న మన కుర్రాడు అంటే బస్సులో వచ్చినట్టు. బ్రిటన్‌లో ఊరి లోపల తిరిగేది బస్, ఊరి నుంచి ఊరికి పోయేది కోచ్. డాలస్ ఎయిర్‌పోర్టులో దిగిన అత్తగారు అంటే విమానంలో ఎకానమీ సీట్లో వచ్చినట్టు. అమెరికా రైళ్లలో పడక లేని, కూర్చునే మామూలు పెట్టెను కోచ్ అనేవాళ్లు. 1940ల చివర్లో విమాన కంపెనీలు తక్కువ ధర టికెట్లు పెట్టినప్పుడు జనానికి అలవాటైన ఆ పేరునే వాడుకున్నాయి. అమ్మాయి ఫోన్లో "కోచ్‌లోనే బుక్ చేశానమ్మా" అంటే రైలు టికెట్ అనుకుని కంగారు పడిన తల్లులు ఉంటే ఉంటారు.

ఇంక మాడ్రిడ్‌లో కోచె అంటే కారు. చిలీలో పిల్లలను తోసే బండి. పుట్టింట్లో, అంటే హంగరీలో, కొచి అంటే ఇప్పుడు కారు, రైలు పెట్టె కూడా. ఆటలు నేర్పేవాడికి అక్కడ వేరే మాట ఉంది. ఉద్యోగస్తులకు జీవిత పాఠాలు చెప్పే "కోచ్" అనే కొత్త వృత్తి వచ్చినప్పుడు మాత్రం హంగరీవాళ్లు ఇంగ్లీషు నుంచి ఆ మాటను అరువు తెచ్చుకున్నారు. పుట్టింటి నుంచి పోయిన పిల్ల ఐదు వందల ఏళ్ల తర్వాత వేరే యాసతో తిరిగొస్తే, ఇంట్లోవాళ్లు గుర్తుపట్టక కొత్త చుట్టమనుకుని కూర్చోబెట్టినట్టు.

మనకు రెండు మూటలుగా అందింది

ఇంగ్లీషు పిల్లాడికి కోచ్ అనగానే బండి, మాస్టారు మధ్య గీత కనిపించే అవకాశం ఉంది. మనకు లేదు. ఎందుకంటే ఆ మాట మన దగ్గరికి రెండు వేర్వేరు మూటల్లో వచ్చింది. ఒక మూట రైల్వే స్టేషన్లో దిగింది, రెండోది స్కూళ్లు, ఆటస్థలాల్లో. అంతకుముందే ఉర్దూలో టాంగా తోలేవాణ్ని "కోచ్‌వాన్" అన్నారు, కోచ్‌కు దర్వాన్‌లో ఉన్న "వాన్" తగిలించి. అంటే మూడో మూట కూడా ఉంది, టాంగాలతో పాటే కనుమరుగైంది.

ఇదే తంతు ట్రైన్, ట్రైనింగ్‌ల దగ్గరా ఉంది. రెండింటికీ మూలం "ఈడ్చు, లాగు" అనే పాత ఫ్రెంచి మాట. ఇంజను వెనక ఈడ్చుకొచ్చేది ట్రైన్, మనిషిని ఒక దారిలోకి లాక్కొచ్చేది ట్రైనింగ్. మనకు మాత్రం అవి రెండు వేర్వేరు ప్రపంచాలు.

మరి మాస్టారిని మోసుకెళ్లేవాడిగా చూడటం మనకు తట్టలేదా? తట్టింది, చాలాముందే. మనకు తట్టింది బండి కాదు, పడవ. "ఎలాగోలా ఇంటర్ గట్టెక్కాడు" అంటాం. గట్టు ఎక్కడిది? ఏటిది. "ఆ లెక్కల సారు మావాణ్ని ఒడ్డున పడేశాడు" అంటాం. ఫలితాల రోజు పేపర్లో వచ్చే "ఉత్తీర్ణత శాతం" సంగతి చూడండి. ఉత్తీర్ణుడు అంటే సంస్కృతంలో అక్షరాలా "దాటి ఒడ్డుకు చేరినవాడు". లండన్‌లో కోచ్ పడవను ఓడించింది. మన పరీక్షల భాషలో పడవే గెలిచింది, తెడ్డు వేసేవాణ్ని మాత్రం కోచ్ అంటున్నాం.

ఏరు దాటే రేవును సంస్కృతంలో తీర్థం అంటారు. దాటించేవాడు కాబట్టి గురువును కూడా తీర్థమే అన్నారు. ఒకే గురువు దగ్గర చదివినవాళ్లు సతీర్థ్యులు, అంటే ఒకే రేవువాళ్లు. జూన్‌లో మా మేనకోడలు కోచింగ్‌లో చేరుతోంది, హాస్టల్ గదిలో నలుగురట. నీ సతీర్థ్యులెవరో తెలిసిందా అని అడిగాను. అంత పెద్ద మాట ఎవరంటారు మామయ్యా, బ్యాచ్‌మేట్స్ అంటారు అంది.